బండి పోయిన తొలి వారం

(అమీర్‌పేటలో ఆటో, క్యాబ్ డ్రైవర్ల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెనుక వరుసల్లో కూర్చున్న తల్లులూ చెల్లెళ్లూ దయచేసి ముందుకు రావలసిందిగా మనవి. ఈ విషయం డ్రైవర్లకు సంబంధించినది, మనకెందుకు అనుకోవద్దు. మా దగ్గరకు వచ్చిన ప్రతి కేసులోనూ బండి పట్టుబడింది రోడ్డు మీదే అయినా, దాన్ని విడిపించడానికి చివరికి కదిలింది ఇంట్లోని గాజులే.

మేము కొందరం విశ్రాంత ఉద్యోగులం. ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైళ్ల మధ్య బతికినవాళ్లం. మాలో వకీలు ఎవరూ లేరు. ఒక అర్జీ ఎలా రాయాలో, దాన్ని ఏ బల్ల మీద పెట్టాలో, ఎవరిచేత ముద్ర వేయించుకోవాలో మాత్రం మాకు తెలుసు. ఆ కొద్దిపాటి విద్యతోనే కొన్నేళ్లుగా మస్జిద్ పక్క గదిలో కూర్చుని, ఫైనాన్సు వాళ్లు లాక్కుపోయిన బండ్ల వ్యవహారాలు చూస్తున్నాం. అందులో కొన్ని గెలిచాం, కొన్ని ఓడాం. ముందు ఓడిన సంగతే చెబుతాం.

పోయిన చలికాలంలో ఒక తమ్ముడు నిమ్స్ ఆసుపత్రికి రోగిని తీసుకుని వెళుతున్నాడు. పంజాగుట్ట కూడలిలో ట్రాఫిక్ నెమ్మదించిన చోట మోటారుసైకిల్ మీద ఇద్దరు వచ్చి ఆటోకు అడ్డంగా నిలిచారు. వీళ్లు ఎక్కడ నిలబడతారో మీకందరికీ తెలుసు. బండి పరుగెత్తలేని చోటు చూసుకుంటారు. ఫోనులో నంబరు కొడితే బకాయి ఉందో లేదో చూపించే జాబితా వాళ్ల చేతిలో ఉంటుంది. ఒకడు తాళం లాగాడు, రెండోవాడు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. రోగినీ, ఆమె కొడుకునూ దించి ఇంకో ఆటో ఎక్కించవలసి వచ్చింది. మూడు కిస్తులు బాకీ ఉన్నమాట నిజం. మన తమ్ముడు అక్కడి నుంచి అమీర్‌పేట దాకా నడిచి వచ్చాడు. ఇంట్లో మాత్రం బండి మెకానిక్ షెడ్డులో ఉందని చెప్పాడు.

ఆ అబద్ధం తొమ్మిది రోజులు సాగింది. ఆ తొమ్మిది రోజులూ అతడు ఒక ఏజెంటు నంబరుకు ఫోను చేస్తూనే ఉన్నాడు. ‘రేపు చూద్దాం భాయ్’ అనేవాడు అవతలివాడు. పదో రోజు జుమా నమాజు తర్వాత మా దగ్గరకు వచ్చి, ‘చాచా, ఇంట్లో ఏం చెప్పాలో చెప్పండి’ అన్నాడు. బండి ఎలా తెచ్చుకోవాలని అడగలేదు, ఇంట్లో ఏం చెప్పాలని అడిగాడు. మేము కాగితాలు అడిగితే ఒక్కటీ లేదు. సంస్థకు ఉత్తరం రాసి జవాబు తెప్పించేసరికి బండి అమ్ముడుపోయింది. అమ్మకానికి ముందు నోటీసు పంపామన్నారు. పంపిన మాట వాస్తవమే. అది బోరబండలోని పాత అద్దె ఇంటికి వెళ్లింది. అతడు ఆ ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లు దాటింది. ఆర్‌సీలోనూ, ఒప్పందంలోనూ చిరునామా మార్చుకోలేదు. ‘మాకు తెలిపిన చిరునామాకు పంపిన నోటీసు అందినట్లే భావించబడును’ అని ఒప్పందంలో ఉంది. కింద అతని సంతకం కూడా ఉంది.

అప్పు ఒప్పందం గురించి దివ్యఖుర్ఆన్ రెండో సూరాలో రెండు ఆదేశాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అప్పుపడ్డవాడు ఇబ్బందిలో ఉంటే గడువు ఇవ్వమన్నది ఒకటి. అప్పును కాగితం మీద రాసి ఉంచుకొమ్మన్నది మరొకటి. మొదటి దాన్ని మనం ఇతరులకు గుర్తుచేస్తాం. రెండోది మన బాధ్యత, దాన్నే మరిచిపోయాం.

ఇక్కడ ఒక తేడా స్పష్టం చేయాలి. పూర్వం అప్పు తీర్చనివాడి ఇంటికి కోర్టు అమీనా వచ్చేవాడు. ఇప్పటికీ వస్తాడు. అతని చేతిలో కోర్టు ముద్ర ఉన్న వారెంటు ఉంటుంది, దాని మీద కేసు నంబరు ఉంటుంది, ముందే ఒక డిక్రీ అయి ఉంటుంది. ఆ కోర్టుకు వెళ్లి మన మాట చెప్పుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, చేతిపనివాడి పనిముట్లు అమీనా ముట్టుకోరాదు. పంజాగుట్టలో తాళం లాగినవాడు అమీనా కాడు. అతడు ఒక ఏజెన్సీ మనిషి, పట్టిన బండికి ఇంత అని కమీషను తీసుకునేవాడు. మన పిల్లలు ఇద్దరినీ ‘జప్తు వాళ్లు’ అనే ఒకే మాటతో పిలుస్తూ, ఇద్దరికీ ఒకే విధంగా తల వంచుతున్నారు.

మరి చట్టం ఏమంటుంది? ఈ గదిలో చాలామంది వినాలనుకునే మాట ‘ఫైనాన్సు వాడికి బండి పట్టే హక్కే లేదు’ అన్నది. మేము ఆ మాట చెప్పలేం. ఒప్పందంలో రాసి ఉంటే కిస్తులు తప్పినప్పుడు బండిని స్వాధీనం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2006లో ఓరిక్స్ ఆటో ఫైనాన్స్ కేసులో చెప్పింది. 2020 అక్టోబరులో మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో, హైర్ పర్చేజ్ ఒప్పందంలో కిస్తులన్నీ తీరేదాకా యజమాని ఫైనాన్షియరేనని ఇంకా గట్టిగా చెప్పింది. ఈ తీర్పులను దాచిపెట్టి మీకు ధైర్యం చెబితే అది మోసమవుతుంది.

అయితే అదే సుప్రీంకోర్టు 2007 ఫిబ్రవరిలో ఐసీఐసీఐ బ్యాంకు, ప్రకాశ్ కౌర్ కేసులో, బాకీ వసూలుకు కండబలం వాడే పద్ధతిని తీవ్రంగా ఆక్షేపించింది. 2011 నవంబరులో సిటీకార్ప్ మారుతి ఫైనాన్స్ కేసులో, హైర్ పర్చేజ్ బండి అయినా చట్టబద్ధమైన మార్గంలోనే తీసుకోవాలి గాని బలప్రయోగంతో కాదని తీర్పు చెప్పింది. 2023 మే నెలలో పాట్నా హైకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. ఏజెంట్లతో బండ్లు బలవంతంగా లాక్కోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు, జీవనోపాధికి భంగమని చెప్పి, తప్పు చేసిన ఫైనాన్షియర్లకు ఒక్కొక్కరికి 50,000 రూపాయల జరిమానా వేసింది. అది బిహార్ తీర్పు. మన కోర్టులు దాన్ని పాటించి తీరాలని లేదు, కాని మన వకీలు దాన్ని చూపించవచ్చు.

అంటే బండి తీసుకునే హక్కు వాళ్లకు ఉండవచ్చు, ఎలా పడితే అలా తీసుకునే హక్కు లేదు. మన పోరాటం ఆ ‘ఎలా’ మీదనే. దీనికి రిజర్వు బ్యాంకు నిబంధనలే మన చేతికర్ర. బ్యాంకు కాని ఫైనాన్సు సంస్థలు తమ ఒప్పందంలో స్వాధీనానికి ముందు ఎంత గడువుతో నోటీసు ఇస్తారో, ఏ సందర్భంలో ఆ నోటీసు అక్కరలేదో, బండి ఎలా తీసుకుంటారో, అమ్మకానికి ముందు బాకీ తీర్చుకోవడానికి చివరి అవకాశం ఎలా ఇస్తారో, తీర్చినవాడికి బండి తిరిగి ఎలా అప్పగిస్తారో, వేలం ఎలా జరుపుతారో రాసి ఉండాలి. ఆ ఒప్పందం నకలు అప్పు తీసుకున్నవాడికి ఇవ్వాలి. సంస్థ మనతో జరిపే ఉత్తరప్రత్యుత్తరాలు మన భాషలో గాని, మనకు అర్థమయ్యే భాషలో గాని ఉండాలి. బ్యాంకు ఏజెంటు అయితే గుర్తింపు కార్డుతో పాటు నోటీసు నకలు, అధికార పత్రం వెంట తేవాలని 2008 నుంచి నిబంధన ఉంది. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత వసూలు ఫోన్లు చేయరాదని 2022 ఆగస్టులో మళ్లీ ఆదేశించారు.

ఆ మరుసటి నెలలోనే జార్ఖండ్‌లోని హజారీబాగ్ జిల్లాలో ట్రాక్టరు పట్టుకుపోతున్న ఏజెంట్లను అడ్డుకోబోయి, ఒక రైతు కుమార్తె, గర్భిణి, ఆ ట్రాక్టరు కిందే పడి చనిపోయింది. ఆ తర్వాత వారం లోపే రిజర్వు బ్యాంకు ఆ సంస్థ బయటి ఏజెంట్లతో బండ్లు పట్టే పనిని ఆపించింది. కొద్ది నెలలకు ఆ నిషేధం ఎత్తివేశారు. చెల్లెళ్లారా, బండికి అడ్డంగా మాత్రం ఎన్నడూ నిలబడకండి. బండి పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు గెలిచిన సంగతి. ఎల్లారెడ్డిగూడ వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. కొడుకు క్యాబ్ నడుపుతాడు. ముందురోజు రాత్రి మైత్రివనం దగ్గర కారు పట్టుకుపోయారు. కొడుకు ఇంట్లో ముఖం దాచుకుని పడుకున్నాడు. ఆమె తెల్లవారగానే ఒక ప్లాస్టిక్ కవరు చేతబట్టుకుని మా గది ముందు నిలబడింది. అందులో ఒప్పందం, కిస్తుల రశీదులు, బీమా, ఆర్‌సీ నకలు అన్నీ ఉన్నాయి. ‘మా ఆయన పోయినప్పటి నుంచి కాగితాలన్నీ బియ్యం డబ్బాలో పెట్టుకోవడం అలవాటు సాబ్’ అంది. ఆ బియ్యం డబ్బా మా పని సగం చేసింది.

మొదట పోలీసు స్టేషనుకు వెళ్లాం. బండి పట్టేవాళ్లు పట్టడానికి ముందూ, పట్టిన తర్వాతా స్టేషనులో సమాచార పత్రం ఇవ్వడం ఆనవాయితీ. అలాంటిదేమైనా వచ్చిందా అని అడిగాం. రాలేదన్నారు. సమాచారం లేకపోతే అది ఫైనాన్సు వాళ్లు పట్టిన బండో, దొంగలు ఎత్తుకుపోయిన బండో స్టేషనుకు తెలియదు కదా! జరిగిన తేదీ, సమయం, స్థలం, పిల్లవాడిని చేయి పట్టి కిందికి లాగిన తీరు, ఆ సమయంలో కారులో ఉన్న వస్తువులు అన్నీ రాసి ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాం. ‘ఇది సివిల్ వ్యవహారం’ అని మొదట అన్నారు. అప్పు సివిల్ వ్యవహారమే, మనిషిని అడ్డగించడం, బెదిరించడం మాత్రం భారతీయ న్యాయ సంహిత 126, 351 సెక్షన్ల కిందకు వస్తాయని వినయంగా మనవి చేశాం. వినయం ముఖ్యం. అక్కడ గొంతు పెంచినవాడి అర్జీ ఆరోజు ముందుకు కదలదు.

అదే మధ్యాహ్నం సంస్థ బ్రాంచీకి వెళ్లి ఉత్తరం ఇచ్చాం. అందులో కోరినవి కొన్నే. బండి ఏ యార్డులో ఉంది? స్వాధీనం నోటీసు నకలు ఏది? ఖాతా వివరాల పూర్తి పట్టిక ఇవ్వండి. బండి విడుదలకు ఈరోజు ఎంత కట్టాలో రాతలో చెప్పండి. ఈలోగా అమ్మవద్దు. ఇన్‌వార్డు ముద్ర వేయబోమంటే బయటికి వచ్చి అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి, ఆ రశీదుతో మళ్లీ లోపలికి వెళ్లాం. అప్పుడు ముద్ర పడింది.

పట్టిక చేతికి వచ్చాక అసలు లెక్క బయటపడింది. మూడు కిస్తుల బాకీ మీద చెక్కు బౌన్సు చార్జీలు, ఏజెంటు ఖర్చు, యార్డు అద్దె, ఆలస్యానికి జరిమానా, ఆ జరిమానా మీద మళ్లీ వడ్డీ. జరిమానాను వడ్డీ రూపంలో వేయరాదని, దాన్ని అసలులో కలిపి దానిపై వడ్డీ కట్టరాదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఆదేశించింది. 2024 నుంచి అది అమలులో ఉంది. ఆ ఆదేశం తేదీ వేసి రెండో ఉత్తరం రాశాం. మేనేజరు మర్యాదస్తుడే. కొంత తగ్గించాడు. రెండు కిస్తులు వెంటనే, మూడోది నెల రోజుల్లో అన్న అంగీకారం కాగితం మీద తీసుకున్నాం. సొమ్మును ఏజెంటు చేతికి ఇవ్వకుండా సంస్థ ఖాతాకే కట్టించి, రశీదు, విడుదల పత్రం పట్టుకుని ఊరి చివరి యార్డుకు వెళ్లాం. స్టెప్నీ లేదు, జాకీ లేదు. తీసుకునేటప్పుడు రాసిన జాబితాలో రెండూ ఉన్నాయి. ఆ సంగతి రాసి యార్డు మనిషి సంతకం తీసుకున్నాకే బండి బయటికి తీశాం. మొత్తం ఆరు రోజులు పట్టింది.

ఇందులో చట్టం ఎంత పని చేసిందో, కాగితం ఎంత పని చేసిందో మేము విడదీసి చెప్పలేం. ఆమె బాకీ ఉన్నమాటను ఒక్కసారి కూడా కాదనలేదు. అదీ పని చేసింది.

మా తప్పు ఒకటి కూడా చెప్పుకోవాలి. ఇంకొక సోదరునితో ‘ముందు కేసు వేద్దాం, డబ్బు సంగతి తర్వాత’ అన్నాం. కట్టడానికి అతని దగ్గర సొమ్ము సిద్ధంగా ఉంది. మా మాట విని ఆగాడు. రెండు నెలల్లో యార్డు అద్దె పెరిగింది, బ్యాటరీ చచ్చింది, చివరికి కేసు వేయకుండానే ఎక్కువ కట్టి తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి సొమ్ము ఉన్నవాడికి మేము ఇచ్చే సలహా ఒక్కటే. లెక్కపై అభ్యంతరం ఉన్నదని రాసిపెట్టి, ముందు కట్టి బండి తెచ్చుకో, అదనంగా తీసుకున్నదాని మీద తర్వాత పోరాడు.

ఆ పోరాటానికి చోట్లు ఉన్నాయి. సంస్థకు రాసి 30 రోజులైనా సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కు ఫోను చేయవచ్చు. కాని 30 రోజుల్లో బండి అమ్ముడుపోవచ్చు గనుక, అమ్మకం ఆపించడానికి ఇది చాలదు. దానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం అది మధ్యంతర ఉత్తర్వు ఇవ్వగలదు. బతుకుతెరువు కోసం స్వయంగా నడుపుకునే బండిని ఆ చట్టం వ్యాపారంగా లెక్కించదు. ఉచిత న్యాయ సహాయానికి పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు. స్త్రీలకు ఆదాయ పరిమితి లేకుండానే ఉచిత వకీలు దొరుకుతాడు. తల్లిపేరనో భార్యపేరనో బండి ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానిపై అప్పీలు ఉండదు. కాబట్టి సంతకానికి ముందు పూర్తిగా చదివించుకోండి.

కిస్తులు ఎందుకు తప్పుతున్నాయన్నది వేరే ప్రసంగం. 2006లో సచార్ కమిటీ, కొన్ని బ్యాంకులు ముస్లిములు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను అప్పు ఇవ్వదగని ప్రాంతాలుగా గీత గీసి పెట్టాయని రాసింది. బ్యాంకు తలుపు మూసుకుంటే మనవాడు ఎక్కువ వడ్డీ ఫైనాన్సుకే వెళతాడు. అక్కడా దొరకకపోతే గిరిగిరి వాళ్ల దగ్గరికి వెళతాడు. మెట్రో వచ్చాక అమీర్‌పేటలో దూరపు బేరాలు తగ్గాయని మీరే అంటున్నారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది మన ఆడపిల్లలకు మేలే, మేము దానికి వ్యతిరేకం కాము. కాని ఆటో తోలేవాడి రోజు రాబడి తగ్గినప్పుడు కిస్తు గడువును తగ్గ రీతిలో సర్దమని ఫైనాన్సు సంస్థలకు చెప్పేవారెవరూ లేరు. కరోనా కాలంలో 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తులపై మారటోరియం ఇవ్వగలిగినవారికి ఇది అసాధ్యమేమీ కాదు. ఈ మాట వినతిపత్రంగా రాశాం. మీ సంతకాలు కావాలి.

మన పొరపాట్లు రెండు కూడా అనాలి. ఒకటి, జామీను సంతకం. ‘దోస్తు అడిగాడు, కాదనలేకపోయాను’ అంటారు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పుపడ్డవాడితో సమానం. ముందు అతణ్ని అడిగి తర్వాత మీ దగ్గరకు రావాలని ఏమీ లేదు. రెండోది, ఫైనాన్సు ఉన్న బండిని స్టాంపు కాగితం మీద ఇంకొకరికి అమ్మడం. కొన్నవాడు కిస్తు కట్టడు, అప్పు మీ పేరనే నడుస్తుంది. ఆ బండితో ప్రమాదం జరిగితే సమన్లు కూడా మీకే వస్తాయి. ఇక ఖాళీ ఫారం 29, 30ల మీద సంతకం చేసి ఇవ్వడం సంగతి చెబితే మీలో సగంమంది తల దించుకుంటారు, అందుకే వదిలేస్తున్నాం. అప్పు తీరినవాళ్లు మాత్రం ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకుని ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో ఆర్‌సీ మీది ఫైనాన్సు పేరు తీయించుకోండి. చిరునామా మారినవాళ్లు అదే పనిలో దాన్నీ మార్పించుకోండి.

మొదట చెప్పిన తమ్ముడు ఇప్పుడు రోజు కిరాయికి ఇంకొకరి ఆటో తోలుతున్నాడు. అమ్మగా వచ్చిన సొమ్ము చాలలేదని, మిగతాది కట్టమని సంస్థ నుంచి మళ్లీ ఉత్తరం వచ్చింది. ఈసారి సరైన చిరునామాకే వచ్చింది. బండి ఎంతకు అమ్మారు, ఎవరికి అమ్మారు, వేలం ప్రకటన ఎక్కడ వేశారు, విలువ ఎవరు కట్టారు అని అడుగుతూ జవాబు రాశాం. ఉత్తరం రేపు పోస్టులో పడుతుంది. అతని భార్య ఇవాళ ఇక్కడే ఉంది. ఆ ఉత్తరం నకలు, రశీదు తన దగ్గరే ఉంచుకుంటానని అడిగింది.